క్రీడా సందేహాలు: స్కాట్ బోలండ్‌కు సొంతగడ్డ ఎందుకంత కలిసివస్తుంది?

ప్రశ్న: ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ స్కాట్ బోలండ్ స్వదేశంలో ఎప్పుడు బరిలోకి దిగినా వికెట్లు తీస్తున్నాడు. అయినా కమిన్స్, స్టార్క్, హేజిల్‌వుడ్ ముగ్గురూ అందుబాటులో ఉంటే అతనికి తుది జట్టులో చోటు దక్కడం అరుదు. విదేశాల్లో మాత్రం అతను తేలిపోయాడని అంటారు. ఇది పిచ్‌ల గొప్పతనమా, బౌలర్ గొప్పతనమా? – ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: పిచ్ సాయం లేకుండా ఏ సీమ్ బౌలరూ రాణించలేడు. అయితే అదే పిచ్ మీద ఆడిన మిగతావారికి రాని ఫలితం ఒకరికి వస్తున్నదంటే ఆ గొప్పతనం బౌలర్‌దేనని ఒప్పుకోవాలి. బోలండ్ బంతిని గాలిలో భారీగా స్వింగ్ చేసేవాడు కాడు, వేగంతో భయపెట్టేవాడూ కాడు. అతని బంతులు చాలావరకు గంటకు 130 నుంచి 140 కిలోమీటర్ల మధ్యే ఉంటాయి. అతని బలమంతా లెంగ్త్‌లో, అంటే బ్యాటర్‌కు ఎంత దూరంలో బంతిని నేలకు తాకిస్తాడన్న దాంట్లో ఉంది. ముందుకు వచ్చి డ్రైవ్ చేయడానికి అందనంత, వెనక్కి వెళ్లి పుల్ చేయడానికి వీలుకానంత దూరంలో, ఆఫ్ స్టంప్ పైకొనకు తగిలేలా, ఓవర్ తర్వాత ఓవర్ దాదాపు ఒకే చోట బంతి వేయగల ఓపిక అతనిది. బంతి కుట్టును నిటారుగా నిలపకుండా కాస్త ఊగేలా వదలడం వల్ల, నేలను తాకాక అది లోపలికి వస్తుందో బయటికి పోతుందో బ్యాటర్‌కు ముందుగా తెలియదు.

ఆస్ట్రేలియాలో వాడే కుకాబుర్రా బంతి కొత్తదనం పోగానే స్వింగ్ కావడం తగ్గిపోతుంది కాబట్టి, ఆ తర్వాత వికెట్ రావాలంటే నేల మీద పచ్చిక, బౌన్స్ తోడవ్వాలి. 2017లో ఇంగ్లండ్‌తో జరిగిన యాషెస్ టెస్టు సిరీస్‌లో మెల్‌బోర్న్ టెస్టు నిస్సారంగా డ్రా అయ్యి, ఆ పిచ్ నాసిరకమని ఐసీసీ తేల్చాక, అక్కడ పచ్చిక ఎక్కువగా వదలడం మొదలుపెట్టారు. విక్టోరియా జట్టు తరఫున దేశవాళీ క్రికెట్ ఆడే బోలండ్‌కు అదే సొంత మైదానం. ఎక్కడ బంతి వేస్తే అక్కడి నేల ఏం చేస్తుందో అతనికి ఏళ్ల తరబడి చేసిన సాధన వల్ల తెలుసు.

విదేశాల సంగతి కూడా పూర్తిగా చూడాలి. 2023 ఫిబ్రవరిలో నాగ్‌పుర్ టెస్టులో బోలండ్ 17 ఓవర్లు వేసి 34 పరుగులే ఇచ్చాడు గానీ వికెట్ దక్కలేదు. పొడిబారిన ఆ పిచ్ మీద అతని లెంగ్త్‌కు అవసరమైన బౌన్స్ లేదు. ఆ ఏడాది యాషెస్‌లో ఇంగ్లండ్ బ్యాటర్లు క్రీజు వదిలి ముందుకొచ్చి ఆ లెంగ్త్‌నే దెబ్బతీయడంతో రెండు టెస్టుల్లో 2 వికెట్లతో సరిపెట్టుకున్నాడు. కానీ దానికి కొద్ది రోజుల ముందు అదే ఇంగ్లండ్‌లో, ఓవల్‌లో మనతో జరిగిన ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్ చివరి రోజున కోహ్లీని, జడేజాను ఒకే ఓవర్లో ఔట్ చేసి మన ఆశలు తుంచింది అతనే. 2025 జులైలో జమైకాలో వెస్టిండీస్ 27 పరుగులకే కుప్పకూలినప్పుడు హ్యాట్రిక్ తీసిందీ అతనే. అందుచేత తేలిపోయాడన్న మాట నేను ఒప్పుకోను.

ఇక చోటు దక్కకపోవడం గురించి. 2024 డిసెంబరులో మనతో సిరీస్‌లో హేజిల్‌వుడ్ గాయపడితే అడిలైడ్‌లో ఆడి, రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 5 వికెట్లు తీసిన బోలండ్, హేజిల్‌వుడ్ కోలుకోగానే బ్రిస్బేన్‌లో బెంచీ మీద కూర్చున్నాడు. అక్కడ హేజిల్‌వుడ్ మళ్లీ గాయపడ్డాక మెల్‌బోర్న్‌లో తిరిగి వచ్చాడు. సిడ్నీలో 31 పరుగులకు 4, 45 పరుగులకు 6 వికెట్లు తీసి ఆ సిరీస్‌ను ముగించాడు. మూడు టెస్టుల్లో మొత్తం 21 వికెట్లు. వారాల తరబడి నెట్స్‌లోనే బంతులు వేస్తూ, పిలుపు రాగానే తొలి ఓవర్ నుంచే లెంగ్త్ తప్పకుండా వేయడం ఎంత కష్టమో బౌలింగ్ చేసిన ఎవరిని అడిగినా చెబుతారు. మన దగ్గరా ఇలాంటి సందర్భం ఉంది: 2021లో జడేజా గాయం వల్ల అవకాశం దక్కిన అక్షర్ పటేల్, స్వదేశపు స్పిన్ పిచ్‌ల మీద ఇంగ్లండ్‌పై మూడే టెస్టుల్లో 27 వికెట్లు తీశాడు.

ప్రశ్న: బోలండ్ తొలి టెస్టులో అందుకున్న ములాగ్ పతకం ఎవరి పేరు మీద ఇస్తారు? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: జానీ ములాగ్ పేరు మీద. 1868లో ఇంగ్లండ్‌లో పర్యటించిన ఆస్ట్రేలియా ఆదివాసీ క్రికెటర్ల జట్టులో ఆయన మేటి ఆటగాడు. ఆస్ట్రేలియా నుంచి విదేశీ పర్యటనకు వెళ్లిన తొలి క్రికెట్ జట్టు అదే. మెల్‌బోర్న్‌లో డిసెంబరు 26న మొదలయ్యే టెస్టులో ఉత్తమ ఆటగాడికి ఈ పతకం ఇస్తారు. 2020లో తొలిసారి దాన్ని అందుకున్నది మన అజింక్య రహానే.

మరుసటి ఏడాది అది బోలండ్‌కు దక్కడం నన్ను నిజంగా కదిలించింది. అతని మూలాలు గులిద్జాన్ అనే ఆదివాసీ తెగకు చెందినవి. పురుషుల టెస్టుల్లో ఆస్ట్రేలియాకు ఆడిన ఆదివాసీ మూలాలవారిలో, జేసన్ గిలెస్పీ తర్వాత అతను రెండోవాడు. 32 ఏళ్ల వయసులో, ముందు వరుసలో ఉన్నవారు గాయాలపాలైతే ఇంగ్లండ్‌పై దొరికిన ఆ తొలి టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో 4 ఓవర్లు వేసి 7 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. రెండో రోజు సాయంత్రం ఒకే ఓవర్లో హమీద్‌ను, లీచ్‌ను పంపాడు. మర్నాడు ఉదయం స్లిప్‌లో వార్నర్ పట్టిన క్యాచ్‌తో రూట్‌ను సాగనంపాడు. ఇంగ్లండ్ 68 పరుగులకే ఆలౌటైంది.

ప్రశ్న: మనవాళ్లు అతన్ని ఎలా ఎదుర్కోవాలి? – ఇంటర్ విద్యార్థి, విజయనగరం

జవాబు: ఆఫ్ స్టంప్ అవతల పడే బంతిని వదిలేయాలని పాఠ్యపుస్తకం చెబుతుంది. కానీ బోలండ్ ఏ బంతిని వదలాలో తెలియనివ్వడు. 2024-25 సిరీస్‌లో కోహ్లీ అతనికి నాలుగుసార్లు చిక్కాడు; నాలుగూ కీపర్‌కో, స్లిప్‌లోనో దొరికిన క్యాచ్‌లే. అందుకే అతని లెంగ్త్‌ను చెడగొట్టడమే మేలని నా అభిప్రాయం. సిడ్నీలో రిషభ్ పంత్ తాను ఎదుర్కొన్న తొలి బంతికే ముందుకు దూకి బోలండ్‌ను సిక్సర్ కొట్టాడు. మెల్‌బోర్న్‌లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 దగ్గర అవతలి ఎండ్‌లో నిలబడి ఉండగా, చివరి వికెట్‌గా వచ్చిన సిరాజ్ కమిన్స్ ఓవర్లో మిగిలిన మూడు బంతులు కాచుకున్నాడు. తర్వాతి ఓవర్ బోలండ్‌ది. నితీశ్ అతని బంతిని మిడాన్ మీదుగా లేపి ఫోర్ కొట్టి సెంచరీ పూర్తి చేశాడు. గ్యాలరీలో అతని తండ్రి కళ్లనీళ్లు పెట్టుకున్నారు.