ట్యాంకర్ ఎక్కడ ఆగుతుందో అడిగావా?

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

చెన్నై వేళచ్చేరిలో ముప్పై కార్లు పట్టే పార్కింగ్‌కు బ్లాకులు పరిచే పని నీకొచ్చిందని నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. మన ఇంట్లో సొంతంగా కాంట్రాక్టు పట్టిన మొదటి ఆడపిల్లవి నువ్వు. ఆ సంతోషంతోనే పడుకున్నాను గానీ, అక్కడి బంకమన్ను గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు నీకు తెలుసు. పైమట్టి, వేళ్లు, పాత ఇటుక ముక్కలు తీయించు. 60 మిల్లీమీటర్ల మందం సిమెంటు బ్లాకులు చవకంటాడు ఓనరు, 80 దగ్గర గట్టిగా నిలబడు. అంచు రాళ్లు ముందు పాతించు. వాలు 50 అడుగులకు ఒక అడుగు. బ్లాకుల కింద ఇసుకే వెయ్యి, క్రషర్ డస్ట్ వద్దు.

ఇక నా తప్పు విను. 2003 వేసవి. ఊళ్లో నీళ్లకు కటకట, నువ్వు చంటిపిల్లవి. అక్కడే చెన్నైలో మాధవరం దగ్గర ఒక చిన్న కాంప్లెక్స్ ముందు ఇలాంటి పనే చేశాను. "కార్లేగా వచ్చేది" అన్నాడు ఓనరు. నేనూ కార్ల లెక్కే వేసుకున్నాను. నేల ఎంత బరువు మోస్తుందో చూసే సీబీఆర్ పరీక్ష మే నెలలో, మట్టి రాయిలా ఎండి ఉన్నప్పుడు చేయించాను. పరీక్షకు ముందు ఆ మట్టిని నాలుగు రోజులు నానబెట్టించలేదు. పైగా తొందరలో అడుగు మందాన కంకర ఒక్కసారే పోయించి రోలర్ తిప్పించాను. పైన నున్నగా అద్దంలా వచ్చింది. అడుగున వదులుగానే ఉండిపోయింది.

వెనక మూల సంపు ఉంది. దానికి రోజూ రెండుసార్లు నీళ్ల ట్యాంకర్ వచ్చేది. కారు టన్నున్నర ఉంటుంది తల్లీ, ఆ ట్యాంకర్‌లో నీళ్లే 12 టన్నులు. చక్రం మీద బరువు రెట్టింపైతే నేలకు తగిలే దెబ్బ సుమారు 16 రెట్లవుతుంది. గొట్టం ఊడదీసిన ప్రతిసారీ బకెట్టో రెండో బకెట్లో అక్కడే ఒలికేవి. అంటే ఎక్కువ బరువు ఎక్కడ ఆగుతుందో, నేల నానేదీ అక్కడే.

మూడో నెలకే, పెద్ద వానలు రాకముందే, ఆ మూల పళ్లెంలా కుంగింది. ఒక బ్లాకు మీద మడమ పెట్టి నొక్కితే సందుల్లోంచి బూడిదరంగు నీళ్లు బుగ్గలు బుగ్గలుగా పైకొచ్చాయి. వేళ్ల మధ్య రుద్దితే సబ్బులా జారింది. తవ్విస్తే కంకర మధ్యకంతా బంకమన్ను ఎక్కేసింది, గునపం పిండిలో దిగినట్టు దిగింది. ఆ మూలంతా నా డబ్బుతో మళ్లీ వేశాను. ఆ ఏడు మీ అన్నయ్య ఫీజు అప్పు చేసి కట్టాను.

అందుకే ముందు ఓనర్ని కార్ల గురించి కాదు, సంపు ఎక్కడ, ట్యాంకర్ ఎక్కడ ఆగుతుంది, చెత్త లారీ ఎక్కడ తిరుగుతుంది అని అడుగు. కుదిరితే గేటు పక్కనే గొట్టం తగిలించే చోటు పెట్టించి, అక్కణ్ణుంచి సంపుదాకా పైపు వేయించు. అప్పుడు ట్యాంకర్ లోపలికి రానే రాదు. కుదరకపోతే అది నడిచే దారి వరకు కింది కంకర పొరల మందం పెంచు, సంపు నోటి చుట్టూ కాంక్రీటు పలక, పక్కన కాలువ. మట్టికీ కంకరకీ మధ్య జియోటెక్స్‌టైల్, అంటే బంకమన్ను పైకెక్కకుండా ఆపే గుడ్డ, పరిపించు. ఆ ఖర్చు తగ్గించమంటే ఒప్పుకోకు. కంకర ప్రతి పొరా 15 సెంటీమీటర్లు మించకుండా, తడిపి, రోలర్ తిప్పాకే పైది. దీపావళి వానలు పట్టుకునేలోపు కంకర పొరలైనా అయిపోవాలి. తవ్విన గుంత నీళ్లతో నిండిందంటే మళ్లీ మొదటికొస్తుంది.

"సూపర్‌వైజర్ చూసుకుంటాడు" అన్నావట మీ నాన్నతో. ఆ మాట నాకు నచ్చలేదు. కాంట్రాక్టు నీ పేరున ఉంది, రోలర్ తిరుగుతున్నంతసేపూ నువ్వుండాలి. ఉన్నావని టిప్పర్ వెనక నిలబడి లెక్క రాసుకోకు. రివర్స్‌లో వచ్చేవాడికి నువ్వు కనిపించవు. ఆ మాట ఇంకోసారి చెప్తున్నా, వెనక నిలబడకు. పొద్దున ఏదో ఒకటి తినే వెళ్లు, ఎండలో కళ్లు తిరుగుతాయి నీకు.

తవ్వకం మొదలుపెట్టిన రోజు ఫోటో పంపుతానన్నావు. ఫోటో వద్దు. రెండడుగుల లోతునుంచి పిడికెడు మట్టి కవర్లో వేసి మీ నాన్న చేత పంపించు. తడిపి వేళ్ల మధ్య తీగలా సాగదీసి, ఎంత బంక ఉందో చూస్తాను.

నీ పెదనాన్న