పదిహేను వేలలో ఊఫర్, ఆంప్ అడిగారు కదా, ముందు వైరు కొనండి

గునుపూర్ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "నా దగ్గర పాత స్విఫ్ట్ ఉంది. బడ్జెట్ పదిహేను వేలు. 12 అంగుళాల సబ్‌వూఫర్‌కి ఎన్ని వాట్ల ఆంప్లిఫయర్ పెడితే బేస్ బాగుంటుంది? ఏ కంపెనీవి తీసుకోమంటారు?"

మాది ఒడిశాలోని రాయగడ. నాదీ స్విఫ్టే, 2014 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఈ ప్రశ్న రెండేళ్ళ కింద నేనూ ఇలాగే అడిగాను. అందరూ కంపెనీల పేర్లే చెప్పారు. వైరు గురించి ఒక్కరూ చెప్పలేదు. ఆ వైరు వల్లే మా అమ్మ ఉన్న కారు తగలబడబోయింది. అందుకని ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత మీ ప్రశ్నకి వస్తాను.

అప్పట్లో కోస్తా వైపు ఒక పెద్ద ఊళ్ళో కార్ డెకరేషన్ షాపుకి వెళ్ళాను. ఓడీ 18 నంబరు ప్లేటు చూడగానే అర్థమైపోతుంది వాళ్ళకి, వీడు పక్క రాష్ట్రం నుంచి వచ్చాడు, రేపు మళ్ళీ వచ్చి అడగడు అని. తెలుగులోనే మాట్లాడినా మనల్ని చూసే చూపు మారదు. ఊఫర్ (బేస్ పలికించే పెద్ద స్పీకర్), ఆంప్ (దానికి పవర్ ఇచ్చే ఆంప్లిఫయర్), బాక్సు, వైరింగ్ మొత్తం కాంబో పదమూడున్నర వేలన్నారు. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో 1200 వాట్స్ అని ఉంది. ఫిట్టర్ కుర్రాడు గంటన్నరలో బిగించేశాడు. ఆంప్ మీద గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే నాబ్) చివరిదాకా తిప్పి, బేస్ బూస్ట్ నొక్కి, డిక్కీ తలుపు అదిరేలా ఒక పాట పెట్టాడు. నాకూ అదే బేస్ అనిపించింది.

దసరా అయిపోయాక జయపురంలో మా మేనమామ ఇంటికి వెళ్ళి తిరిగి వస్తున్నాం. నేను నడుపుతున్నా, పక్కన మా బావ, వెనక అమ్మ. లక్ష్మీపూర్ దాటాం, ఘాట్ మలుపులు, సన్నగా వాన. పాట తక్కువ సౌండులోనే ఉంది. వెనక నుంచి అమ్మ అంది, "ఒరే, ఏటో కమురు కంపు కొడతందిరా." బయట పొలాల్లో ఏదో కాల్చుంటారు అన్నాడు బావ. అంత వానలో ఎవరు కాలుస్తారు? నేను ఏసీ ఆపాను. అప్పుడు కనపడింది, బావ కాళ్ళ దగ్గర గ్లవ్ బాక్సు కింద నుంచి నీలంగా పొగ. కార్పెట్ అంచున ఎర్రటి ప్లాస్టిక్ మైనంలా కారుతోంది.

కారు పక్కకి ఆపి అమ్మని దింపాం. బానెట్ ఎత్తాను. ఆంప్‌కి వెళ్ళే ఎర్ర వైరు బ్యాటరీ నుంచి నేరుగా వస్తోంది, మధ్యలో ఫ్యూజు లేదు. ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న రేకుకి చిల్లు పెట్టి అందులోంచి వైరు దూర్చేశాడు. ఆ చిల్లుకి రబ్బరు బుష్ వేయలేదు. కారు కుదుపులకి రేకు అంచు కత్తిలా వైరు తొడుగుని కోసుకుంటూ వచ్చి, ఆ రోజుకి లోపలి తీగని తాకింది. బావ 10 నంబరు పానా వెతికి ఇచ్చేలోపు వైరు పట్టుకోబోతే చెయ్యి చురుక్కుమంది. టవల్ చుట్టుకుని బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ వదులు చేసి లాగేశాను. అమ్మ వానలో గొడుగు కారు మీదకి వంచి పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ లైటు వేసి నిలబడింది. మొత్తం మూడు నాలుగు నిమిషాలు. ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో ఆలోచించాలంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

ఆ ఊఫర్ సెట్టు తీసుకుని పార్వతీపురంలో ఒక పాత రేడియో మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. అరవై దాటిన మనిషి, టేప్ రికార్డర్ల కాలం నుంచి ఇదే పని. అందరూ మాస్టారూ అంటారు. ఆయన ఊఫర్ వైపు చూడనే లేదు. ముందు కాలిన వైరు ముక్క తీసుకుని బ్లేడుతో తీగని గీశాడు. పైన రాగి రంగు లేచిపోయి లోపల తెల్లగా తేలింది. "ఇది రాగి కాదు బాబూ, అల్యూమినియానికి రాగి పూత" అన్నాడు. వేలంత లావున్న వైరులో సగానికి పైగా ప్లాస్టిక్ తొడుగే. తర్వాత ఆంప్ తిప్పి పక్కనున్న ఫ్యూజు చూపించాడు. 25 ఆంపియర్లది, ఒక్కటే. "ఇప్పుడు నువ్వే లెక్క చెయ్యి."

ఆ లెక్క మీరూ నేర్చుకోండి, ఏ షాపులోనైనా పనికొస్తుంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారు కరెంటు 13.8 వోల్టులు అనుకోండి. 25 ఆంపియర్లతో గుణిస్తే 345 వాట్లు. ఇది ఆంప్ తినగలిగేది. పాత రకం క్లాస్ ఏబీ ఆంప్ అందులో సుమారు సగం వేడి కింద పోగొడుతుంది. మిగిలేది 170, 180 వాట్లు. కొత్త రకం క్లాస్ డీ అయితే ఎనభై శాతం దాకా బయటికి ఇస్తుంది. నిజంగా 1200 వాట్లు రావాలంటే, ఒక్క వాటు కూడా వృథా కాకపోయినా, దాదాపు 87 ఆంపియర్లు లాగాలి. 25 ఆంపియర్ల ఫ్యూజు వేసి 1200 అని అచ్చేయడం పచ్చి అబద్ధం. అట్టపెట్టె మీద మ్యాక్స్, పీక్ అని రాసిన అంకెని వదిలేయండి. ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే అసలు వాట్లు) అని ఉన్న అంకె ఒక్కటే చూడండి. అమెరికాలో 2003లోనే దీనికి సీఈఏ-2006 అని ఒక ప్రమాణం పెట్టారు: 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్స్ లోడుతో (ఓమ్స్ అంటే ఊఫర్ కరెంటుకి ఇచ్చే అడ్డు కొలత), డిస్టార్షన్, అంటే సౌండ్ చెదరడం, ఒక శాతం దాటకుండా కొలిచిన వాట్లే చెప్పాలని. పెట్టె మీద ఆ ముద్ర ఉంటే ఆ అంకెని నమ్మొచ్చు.

ఇంకోటి. వాట్లు రెట్టింపు చేస్తే సౌండ్ రెట్టింపు అవుతుందని అందరూ అనుకుంటారు. రెట్టింపు వాట్లకి పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపుగా అనిపించాలంటే సుమారు పది రెట్ల వాట్లు కావాలి. కాబట్టి 250 వాట్ల ఆంప్ వదిలి 400 వాట్లదానికి ఇంకో మూడు వేలు పెడితే మీ చెవికి తేడా పెద్దగా తెలియదు. అదే మూడు వేలు బాక్సుకీ, వైరుకీ పెడితే మొదటి పాటకే తెలిసిపోతుంది. పైగా స్విఫ్ట్ లాంటి చిన్న కారులో అద్దాలు మూస్తే లోపలి గాలే బేస్‌ని పైకి లేపుతుంది. పెద్ద బండి వాళ్ళకి అంతగా లేని సౌకర్యం మనకి ఉంది.

ఇప్పుడు మీ పదిహేను వేలు. నాకు రెండోసారి పడిన ఖర్చు చెప్తాను, మీ ఊళ్ళో కాస్త అటూ ఇటూ ఉంటుంది. అసలు రాగి 8 గేజ్ (వైరు మందం కొలత) వైరు, ఫ్యూజు హోల్డరు, స్టీరియో నుంచి ఆంప్‌కి పాట సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ కేబుల్ కలిపి మూడు వేలు. ఎండీఎఫ్ చెక్కతో చేయించిన బాక్సు రెండున్నర వేలు. 12 అంగుళాల ఊఫర్, 4 ఓమ్స్ సింగిల్ కాయిల్ (కాయిల్ అంటే ఊఫర్ లోపలి తీగచుట్ట), 250 ఆర్‌ఎంఎస్, నాలుగున్నర వేలు. ఆంప్ ఐదు వేలలోపు. రాయగడలో ఆ వైరు దొరకలేదు. విజయనగరం వెళ్ళి తెచ్చుకున్నాను. మన వైపు ఇదొక కష్టం, ఊఫర్లు వీధి వీధికీ దొరుకుతాయి, మంచి వైరు కోసం మాత్రం రైలెక్కాలి.

సింగిల్ కాయిల్ అని ఎందుకన్నానంటే, 4 ప్లస్ 4 డబుల్ కాయిల్ ఊఫర్‌ని రెండు కాయిల్సూ పక్కపక్కన కలిపితే ఆంప్‌కి 2 ఓమ్స్ కనపడుతుంది, వరసగా కలిపితే 8 ఓమ్స్. తక్కువ ధర టూ చానెల్ ఆంప్‌ని బ్రిడ్జ్ చేసి, అంటే రెండు చానెల్సూ ఒకటిగా కలిపి, ఊఫర్‌కి వాడితే మామూలుగా 4 ఓమ్స్ కన్నా తక్కువ లోడు తట్టుకోదు. 2 ఓమ్స్ తగిలిస్తే పది నిమిషాల్లో పెనంలా కాలి ప్రొటెక్షన్‌లోకి పోతుంది, అంటే తనంతట తానే ఆగిపోతుంది. 8 ఓమ్స్ అయితే సౌండ్ చాలదు. సింగిల్ 4 ఓమ్స్ తీసుకుంటే ఈ గొడవే లేదు. ఊఫర్ ఆర్‌ఎంఎస్, ఆంప్ ఆర్‌ఎంఎస్ దగ్గర దగ్గరగా ఉండాలి, అంతే.

కంపెనీ అడిగారు. పయొనీర్, జేబీఎల్, సోనీ, కెన్‌వుడ్, ఏదైనా సరే, వాటిలో చిన్న మోడల్స్ చాలు. పేరు తెలియని 2000 వాట్ల పెట్టె కన్నా పేరున్న 250 ఆర్‌ఎంఎస్ పెట్టె మేలు.

బాక్సు గురించి మాస్టారు చేసిన పని చూసి తీరాలి. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ కోయించాడు. అతుకు అతుకుకీ ఫెవికాల్ పట్టించి స్క్రూలు బిగించి, లోపలి మూలలన్నీ సిలికాన్‌తో మూశాడు. లోపల చోటు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు. మన పాత స్విఫ్ట్ డిక్కీ 204 లీటర్లే కాబట్టి అంతకన్నా పెద్దది చేయిస్తే సామాను పెట్టుకోలేం. ఊఫర్ బిగించాక కోన్ (ముందు కదిలే భాగం) మీద రెండు చేతులూ ఆనించి మెల్లగా లోపలికి నొక్కి వదిలాడు. కోన్ చటుక్కున తిరిగి రాలేదు, ఊపిరి తీసుకున్నట్టు నెమ్మదిగా పైకి వచ్చింది. "చూశావా, ఎక్కడా గాలి పోవట్లేదు" అన్నాడు. ఇలా పూర్తిగా మూసిన బాక్సులో బేస్ దెబ్బ దెబ్బగా, విడివిడిగా వినపడుతుంది. గొట్టం పెట్టిన పోర్టెడ్ బాక్సు ఇంకా గట్టిగా మోగుతుంది కానీ దానికి కొలతలు కుదరాలి, చోటూ ఎక్కువ కావాలి. షాపుల్లో రెడీమేడ్‌గా అమ్మేవాటిలో చాలావరకు ఏ ఊఫర్ కొలతకీ చేసినవి కావు, రంగు లైట్ల కోసం చేసినవి.

వైరింగ్ మీరు దగ్గరుండి చేయించండి. ఫ్యూజు బ్యాటరీకి మూరెడు దూరం లోపలే ఉండాలి. రేకు చిల్లుకి రబ్బరు బుష్ తప్పనిసరి. ఎర్త్ వైరు (ఆంప్ నుంచి కారు బాడీకి బిగించేది) కూడా మూర దాటకూడదు. ఎర్త్ బిగించే చోట పెయింటు గీకి రేకు మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దాలి. నా కారులో మొదటి ఫిట్టర్ పెయింటు మీదే స్క్రూ బిగించాడు, అందుకే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లలో కుయ్‌మని ఈల. ఎర్ర వైరు ఒక పక్క నుంచి, ఆర్‌సీఏ కేబుల్ రెండో పక్క నుంచి లాగితే ఆ గోల ఇంకా తగ్గుతుంది. కారుతో వచ్చిన స్టీరియోనే వాడతానంటే దాని వెనక ఆర్‌సీఏ సాకెట్లు ఉండకపోవచ్చు. అప్పుడు హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న ఆంప్ తీసుకోండి, స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకుంటుంది. కెపాసిటర్ (కరెంటు కాస్త నిల్వ ఉంచేది) కూడా పెట్టుకోండి సార్ అని అంటగడతారు, రెండు వేలు అదనంగా. 250 వాట్లకి అది అక్కర్లేదు.

గెయిన్ అనేది వాల్యూమ్ బటన్ కాదు. ఈ ఒక్క మాట ఫిట్టర్లందరికీ చెప్పాలని ఉంటుంది నాకు. స్టీరియో సౌండ్ ముప్పావు దాకా పెంచాలి, బేస్ బూస్ట్ ఆపాలి, లో పాస్ ఫిల్టర్ (లోతైన శబ్దాల్నే ఊఫర్‌కి పంపేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాలి. అప్పుడు గెయిన్ సున్నా నుంచి కొంచెం కొంచెంగా తిప్పాలి. డ్రమ్ము దెబ్బ బుర్రుమని చిరిగినట్టు వినపడగానే కాస్త వెనక్కి తిప్పి వదిలేయాలి. గెయిన్ చివరిదాకా తిప్పితే ఆంప్ నుంచి వచ్చే అల పైభాగం తెగిపోయి కాయిల్‌ని వేడెక్కించి మాడ్చేస్తుంది. ఊఫర్లు కాలిపోయేది ఎక్కువగా ఇందుకే.

మా వైపు పెళ్ళి ఊరేగింపుల్లో డీజే బాక్సులు పెడతారు, సరిహద్దుకి ఇటూ అటూ ఒకటే తంతు. ఇంటి అద్దాలు గడగడలాడతాయి, ముసలివాళ్ళు గుండె పట్టుకుని లోపలికి పోతారు, పాటలో ఒక్క ముక్క అర్థం కాదు. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా లౌడ్ స్పీకర్లు పెట్టకూడదని 2000 సంవత్సరం నుంచీ నిబంధన ఉంది, పట్టించుకునే నాథుడు లేడు. బేస్ అంటే అదే అనుకుని పెరుగుతున్నారు పిల్లలు. నా పెన్‌డ్రైవ్‌లో తప్పెటగుళ్ళ రికార్డింగు ఒకటి ఉంది, మంచి మైకులతో తీసినది. పాత సెట్టులో అది ఒకటే మూలుగు. మాస్టారు గెయిన్ సర్దాక అదే పెట్టమన్నాను. గుండెల మీద కట్టుకున్న ఆ రేకు తప్పెటల మీద పడే ఒక్కొక్క దెబ్బా, వాటి వెనక అడుగులు నేలకి తగిలే చప్పుడూ వేరువేరుగా వినపడ్డాయి. అద్దాలు మూసి ఉన్నాయి, బయట నిలబడ్డ బావకి వినపడనే లేదట. మేం ఖర్చు పెట్టింది దాని కోసమే.

డిక్కీలో ఏదో గిలగిలమంటుంటే ఊఫర్ పాడైందనుకోకండి. నాకు నంబరు ప్లేటు కొట్టుకునేది. వెనక స్పాంజి ముక్క అంటిస్తే పోయింది.

ఫ్యూజు ఎన్ని ఆంపియర్లది వేయాలంటే, ఆంప్ మీదున్న ఫ్యూజులు కూడి చూడండి, అంతే అంకె లేదా కొంచెం ఎక్కువ, వైరు తట్టుకునేదానికి మాత్రం మించకూడదు. కొనేటప్పుడే రెండు స్పేర్ ఫ్యూజులు, ఒక 10 నంబరు పానా తీసుకుని గ్లవ్ బాక్సులో పడేయండి. నావి రెండూ ఇంకా కవరు విప్పకుండా అక్కడే ఉన్నాయి. కారెక్కినప్పుడల్లా అమ్మ ఒకసారి తెరిచి చూసుకుంటుంది.