అమెరికన్ ర్యాప్ బృందం బీస్టీ బాయ్స్ రెండో ఆల్బమ్ ఎందుకు ఎక్కట్లేదంటే

“మొదటిది తెగ నచ్చింది, ‘పాల్స్ బుటీక్’ మాత్రం మూడుసార్లు విన్నా ముక్కలుముక్కలుగానే ఉంది” అన్నారు కదా, అది షఫుల్ (పాటల వరస కలగాపులగం చేసే సెట్టింగ్) పని.

1. షఫుల్ తీసేయండి.

2. క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరని తర్వాతి పాట మొదలుతో కలిపేసే సెట్టింగ్) సున్నాకి పెట్టండి. చాలామంది మర్చిపోయేది ఇదే. మొదటి పాట దాదాపు నిశ్శబ్దంలోంచి మెల్లగా పైకొస్తుంది. చివరిది తొమ్మిది ముక్కల మాలిక, పన్నెండున్నర నిమిషాలు. దాని ఆఖర్న ఆ మొదటి ట్యూనే తిరిగొస్తుంది. నాకైతే ఆ అతుకు చెవినపడ్డాకే ఆల్బమ్ మొత్తం ఒక్కటిగా వినిపించింది.

3. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. డస్ట్ బ్రదర్స్ అనే నిర్మాతల బృందంతో కలిసి పేర్చిన శాంపిళ్ళు (వేరే పాటల్లోంచి తీసిన ముక్కలు) వందకు పైనే.

1989లో కొన్నవాళ్ళూ మీలాగే తికమకపడ్డారు. 1986 నాటి మొదటిది అమెరికా ఆల్బమ్ చార్టు బిల్‌బోర్డ్‌లో నంబర్ వన్, ఇది 14 దగ్గరే ఆగింది. డబుల్ ప్లాటినం (అమెరికాలో ఇరవై లక్షల కాపీలు) అయ్యేసరికి 1999 వచ్చింది.