రోజుకు 15 కిలోమీటర్లకు ఎలక్ట్రిక్ స్కూటర్ గిట్టుతుందా? తిరుపతి నుంచి నా లెక్క

మీరు అడిగింది ఇది: తిరుపతిలో రోజుకు 15 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగి పెట్రోలు స్కూటర్ మానేసి ఎలక్ట్రిక్ కొంటే గిట్టుతుందా, దేశమంతా ఇంత జోరుగా కొంటున్నారంటే లాభం ఉండబట్టే కదా అని. గిట్టుతుంది, కానీ షోరూం వాళ్లు చెప్పినంత త్వరగా కాదు. ఇక జోరుగా అమ్ముడవడానికి లాభమొక్కటే కారణం కాదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

నేను 2022 ఆగస్టులో కొన్నాను. ఇల్లు ఎం.ఆర్.పల్లిలో, ఉద్యోగం రేణిగుంట దగ్గర ఒక కంపెనీలో అకౌంట్స్. రానూపోనూ 30 కిలోమీటర్లు, కూరగాయలు, పిల్లాడి ట్యూషన్ కలిపితే రోజుకు 35. నెలకు 900 అనుకోండి. పని అలవాటు కొద్దీ మొదటి రోజు నుంచీ అన్నీ డైరీలో రాస్తూ వచ్చాను. మా ఆవిడ దానికి 'బండి జాతకం' అని పేరు పెట్టింది.

పెట్రోలు స్కూటర్ లీటరుకు 45 ఇస్తుందనుకుంటే 900 కిలోమీటర్లకు 20 లీటర్లు. మన దగ్గర లీటరు 109 రూపాయలు దాటే ఉంది కాబట్టి నెలకు 2,190 అవుతుంది. ఎలక్ట్రిక్ బండి గోడ ప్లగ్గు నుంచి ఒక యూనిట్ తీసుకుంటే నాకు 30 కిలోమీటర్లు వస్తుంది. అంటే నెలకు 30 యూనిట్లు.

ఇక్కడే చాలామంది తప్పు లెక్క వేస్తారు. యూనిట్ మూడు రూపాయలేగా, నెలకు 90 రూపాయలతో అయిపోతుంది అంటారు. కాదు సామీ! మన రాష్ట్రంలో ఇంటి కరెంటుకు శ్లాబులున్నాయి. మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్, మోటారు ముందే కింది శ్లాబులన్నీ తినేసి ఉంటాయి. బండికి వాడే యూనిట్లు వాటి నెత్తిన కూర్చుంటాయి. మా ఇంట్లో బండి లేనప్పుడు 210 యూనిట్లు వచ్చేది. బండి వచ్చాక 240. పెరిగిన 30లో 15 యూనిట్లు 6 రూపాయల లెక్కన, 15 యూనిట్లు 8.75 లెక్కన పడ్డాయి. మొత్తం 221 రూపాయలు. చిల్లర చార్జీలు కలిపి 250 వేసుకోండి. వేసవిలో ఏసీ నడిచే ఇల్లయితే ఇంకాస్త పెరుగుతుంది. అయినా 2,190 ఎక్కడ, 250 ఎక్కడ? నెలకు 1,940 మిగులుతోంది.

ఇంకో విచిత్రం చూడండి. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దానికి తోడు లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. అందుకే చిత్తూరు వాళ్లు తమిళనాడులోని వేలూరు ఆసుపత్రికి వెళ్లినా, మన వాళ్లు అక్కడి తిరుత్తణి గుడికి వెళ్లినా వచ్చేటప్పుడు అక్కడే ఫుల్ ట్యాంక్ కొట్టించుకుని వస్తారు. లీటరుకు ఎనిమిది తొమ్మిది రూపాయలు తేడా మరి. అదే బండి, అదే కంపెనీ, చిత్తూరులో కొన్నవాడికి పెట్టిన డబ్బు కాట్పాడిలో కొన్నవాడికన్నా ముందు తిరిగొస్తుంది. ఎలక్ట్రిక్ బండి మీద మన రాష్ట్రం పెట్టిన ప్రత్యేక ప్రేమేమీ కాదది, పెట్రోలు మీద వేసిన పన్ను అంతే.

ఇక కొన్న ధర. నాకు ఆన్‌రోడ్ 1,25,000 అయింది. అప్పుడు అదే స్థాయి పెట్రోలు స్కూటర్ 98,000. తేడా 27,000. ఆ ధరకైనా రావడానికి కారణం ఎలక్ట్రిక్ బండ్లకు కేంద్రం ఇచ్చిన ఫేమ్-2 సబ్సిడీ. 2021 జూన్ నుంచి బ్యాటరీ సామర్థ్యంలో ఒక్కో కిలోవాట్ అవర్‌కు, అంటే మన యూనిట్‌కు, 15,000 ఇచ్చేవారు. నాది 3 యూనిట్ల బ్యాటరీ, 45,000 కేంద్రం భరించింది. 2023 జూన్ 1 నుంచి దాన్ని 10,000కు తగ్గించి, బండి ధరలో 15 శాతం మించకూడదన్నారు. ఆ మే నెలలో ఏం జరిగిందో గుర్తుందా? సబ్సిడీ పోతుందని జనం ఎగబడ్డారు, దేశంలో లక్షకు పైగా ఎలక్ట్రిక్ టూవీలర్లు రిజిస్టరయ్యాయి. మరుసటి నెల సగానికి సగం పడిపోయాయి. పెట్రోలు ధర మారలేదు, బండి మారలేదు, మారింది సబ్సిడీ ఒక్కటే. అందుకే అమ్మకాల జోరు చూసి లాభం ఉందనుకోవద్దంటాను.

అలాగని మార్కెట్ అక్కడితో ఆగలేదు. 2024-25లో దేశంలో సుమారు పదకొండున్నర లక్షల ఎలక్ట్రిక్ టూవీలర్లు అమ్ముడయ్యాయి. అమ్మిన ప్రతి వంద టూవీలర్లలో ఆరు. సబ్సిడీ తగ్గినా బండ్లు నిలబడ్డాయంటే బ్యాటరీ చౌక కావడం వల్లే. బ్లూమ్‌బర్గ్ సంస్థ ఏటా వేసే లెక్క ప్రకారం 2010లో ఒక్క కిలోవాట్ అవర్ బ్యాటరీ వెయ్యి డాలర్లు దాటి ఉండేది, 2024కు 115కు వచ్చింది. 2024లో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో సబ్సిడీ మొదటి ఏడాది యూనిట్‌కు 5,000, రెండో ఏడాది 2,500 ఉండేది, ఆ రెండో ఏడాది బండికి 5,000 మించేది కాదు. నాకొచ్చిన 45,000తో పోల్చుకోండి. మరోవైపు 2025 సెప్టెంబరు 22 నుంచి పెట్రోలు స్కూటర్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఎలక్ట్రిక్‌కు 2019 నుంచీ 5 శాతమే, ఇంకా దిగడానికి పెద్దగా లేదు. దగ్గర పడుతున్న ధరలు మళ్లీ కాస్త దూరం జరిగాయి. ఈ మధ్య మా తోడల్లుడి కోసం షోరూంలో అడిగితే తేడా 25 వేల దగ్గర తేలింది.

ఇప్పుడు ఎవరూ చెప్పని ఖర్చులు.

నేను బండి కొన్నప్పుడు అద్దె ఇంట్లో మేడ మీద ఉండేవాణ్ని. ఆ 2022 ఏప్రిల్‌లోనే విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయిన వార్త టీవీల్లో రోజంతా తిప్పారు. మా ఇంటి ఓనరమ్మ అది మర్చిపోలేదు. బండి తెచ్చి నిమ్మకాయ తొక్కించిన సాయంత్రమే, "నాయనా, ఆ బండి నా మెట్ల కింద పెట్టొద్దు, రాత్రి నిద్ర పట్టదు నాకు" అంది. ఆమె భయం అన్యాయం కాదు. బ్యాటరీల భద్రతకు గట్టి నిబంధనలు ఆ ప్రమాదాల తర్వాతే వచ్చాయి. చివరికి బండి బయట గోడ పక్కన పెట్టేటట్టు, కరెంటు మా మీటరు నుంచే లాగేటట్టు ఒప్పుకుంది. మేడ మీద నుంచి వైరు, 15 ఆంప్స్ ప్లగ్గు, ఎంసీబీ, ఎలక్ట్రీషియన్ కూలి అన్నీ కలిపి 2,800. ప్లగ్గు మీద వాన పడకుండా పాత నూనె డబ్బా కోసి నేనే కప్పు చేశాను. ఇప్పటికీ అదే ఉంది.

పద్నాలుగో నెలలో కంట్రోలర్, అంటే మోటారుకు కరెంటు అందించే పార్టు, పోయింది. వారంటీ ఉంది, డబ్బు తీసుకోలేదు, కానీ ఆ పార్టు వేరే ఊరి నుంచి రావాలట. 23 రోజులు బండి సర్వీస్ సెంటర్లోనే. ఫోన్ చేసిన ప్రతిసారీ "రేపు వస్తుంది సార్". బస్సు, షేర్ ఆటో పట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. పెట్రోలు బండయితే వీధి చివర మెకానిక్ సాయంత్రానికి ఇచ్చేసేవాడు. ఏ కంపెనీ అనేది ఇక్కడ ముఖ్యం కాదు. మీరు కొనేముందు షోరూం ఎంత మెరుస్తోందో చూడొద్దు, వెనకాల షెడ్డులో ఎన్ని బండ్లు దుమ్ము పట్టి నిలబడి ఉన్నాయో చూసి రండి.

అసలు దెబ్బ అమ్మేటప్పుడు తగులుతుంది. మూడేళ్లు నిండాక ఊరికే విలువ తెలుసుకుందామని ఇద్దరు బ్రోకర్లకు చూపించాను. ఎక్కువ చెప్పినవాడు 32,000 అన్నాడు. అదే ఏడాది పెట్రోలు స్కూటర్ 55,000కు తీసుకుంటాడట. "వారంటీ అయిపోయింది సార్, బ్యాటరీ ఎప్పుడు పోతుందో దేవుడికే తెలుసు" అన్నాడు. 23,000 అక్కడ పోయింది.

కలిపి చూద్దాం. మూడేళ్లలో నాకు ఇంధనం మీద మిగిలింది దాదాపు 70 వేలు. అందులో కొన్న తేడా 27 వేలు, ప్లగ్గు ఖర్చు 2,800, అమ్మితే పోయే 23 వేలు తీసేస్తే మిగిలేది 17 వేలు. నెలకు 900 కిలోమీటర్లు తిరిగినవాడి సంగతి ఇది. మీది నెలకు 400. పెట్రోలు 970, కరెంటు 120, మిగిలేది 850. మూడేళ్లకు ముప్పై వేల చిల్లర. కొన్న తేడా 25 వేలు, అమ్మకంలో 23 వేలు తీసేస్తే నాకు మిగిలినంత, అంటే 17 వేలు, మీకు చేతి నుంచి పడుతుంది. ఇంజన్ ఆయిలు ఖర్చు తప్పడం కలుపుకున్నా ఆ గుంత పూర్తిగా పూడదు. కాబట్టి మూడేళ్లకోసారి బండి మార్చే అలవాటుంటే మీరు కొనొద్దు. ఆరేడేళ్లు అదే బండి నడుపుతాను అంటే కొనండి, ఐదో ఏడు నుంచి మిగిలేదంతా మీదే. స్కూలుకు రోజుకు నాలుగు కిలోమీటర్లు వెళ్లే మా ఆవిడ స్నేహితురాలు ఒకావిడ నన్ను చూసి కొంది. ఆమెకు నెలకు 200 మిగులుతుందేమో. నడపడం హాయిగా ఉందంటుంది, సరే, అదీ ఒక లాభమే.

ఆరేడేళ్లంటే బ్యాటరీ మాట వస్తుంది. కొత్తలో నాది ఒక చార్జికి 90 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు 78. మార్చాలంటే 48 వేలు అన్నాడు సర్వీస్ కుర్రాడు. ఇందులో ఒక తిరకాసుంది. బండితో కలిపి కొంటే బ్యాటరీ మీద జీఎస్టీ 5 శాతం, విడిగా కొంటే 18 శాతం. మన మే నెల ఎండకు కూడా బ్యాటరీ అరుగుతుంది, కాబట్టి ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ దొరికితే అదే తీసుకోండి. బరువెక్కువే గానీ వేడికి బాగా ఓర్చుకుంటుంది.

ఘాట్ రోడ్డు ఎక్కుతుందా అని అందరూ అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. మా ఆవిడను ఎక్కించుకుని వెళ్లాను. అలిపిరి టోల్‌గేట్ దగ్గర 96 శాతం, తిరుమలలో 59. ఎక్కేటప్పుడు అంకె కరిగిపోతుంటే నాకు టెన్షన్. దర్శనం చేసుకుని దిగాక కింద చూస్తే 60! దిగేటప్పుడు మోటారే డైనమోలా తిరిగి, దిగే దారికి అయిన కరెంటు తానే సంపాదించుకుంది. రానూపోనూ కలిపితే చదును రోడ్డు మీద తిరిగిన ఖర్చే. 2022లో తిరుపతికి ఇచ్చిన ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు కొండ మీదికి తిరగడంలో కిటుకు కూడా ఇదే.

నిజంగా లాభపడాల్సింది మా బామ్మర్ది లాంటివాళ్లు. స్టేషన్, అలిపిరి, తిరుచానూరు మధ్య ఆటో తోలతాడు, రోజుకు 100 కిలోమీటర్లు. డీజిల్‌కు 320 అయ్యేది, కరెంటుకు 75 చాలు. నెలకు 6,000 పైనే మిగలాలి. కానీ మూడు లక్షల అప్పుకు వెళ్తే ఫైనాన్స్ వాళ్లు డీజిల్ ఆటోకు 12 శాతం వడ్డీ, 48 నెలలు అన్నారు, ఎలక్ట్రిక్‌కు 18 శాతం, 30 నెలలు అన్నారు. మొదటిదానికి కంతు 7,900, రెండోదానికి 12,500. మిగలాల్సినదాంట్లో మూడొంతులు కంతులోనే పోయింది. "బావా, డీజిల్ బంకుకు కట్టేది ఇప్పుడు ఫైనాన్స్‌కు కడతన్నా" అంటాడు. వాళ్ల భయమూ నాకు 32,000 చెప్పిన బ్రోకర్ భయమే, పాత బ్యాటరీకి ధర కట్టడం ఎవరికీ రాదు. ముప్పై నెలలు ఓర్చుకుంటే ఆ పైన వాడిదే రాజ్యం అని కొనిపించాను. ఇంకా పదకొండు కంతులున్నాయి.

మనూళ్లో ఇంకో చిత్రం. కరకంబాడిలో బ్యాటరీలు చేసే అమరరాజా కంపెనీ ఉంది, 1985 నుంచి మన చుట్టుపక్కల ప్రతి పల్లెలో ఒకరైనా అక్కడ పనిచేసినవాళ్లే. సత్యవేడు దగ్గర హీరో ఫ్యాక్టరీలో విడా ఎలక్ట్రిక్ స్కూటర్లు తయారవుతాయి. అయినా ఈ బండ్లలో సెల్స్ ఎక్కువగా చైనా నుంచే వస్తాయి. అమరరాజా లిథియం సెల్స్ కోసం 9,500 కోట్ల ప్రాజెక్టును 2022 చివర్లో ప్రకటించింది, కానీ మన దగ్గర కాదు, మహబూబ్‌నగర్ దగ్గర. సెల్స్ ఇక్కడే తయారైతే ఆ 48 వేలు తగ్గుతుందని నా ఆశ. ఆశను డైరీలో రాసుకోలేదు లెండి.

ఒకటి అడగడం మరిచాను. మీది సొంతిల్లా, అద్దె ఇల్లా? కరెంటు బిల్లు నెలకు ఎన్ని యూనిట్లు వస్తోంది? ఆ రెండూ చెప్పండి, మీ లెక్క వేసి ఇక్కడే పెడతాను.