కాలవ గట్టుకీ తారు రోడ్డుకీ ఒకే సైకిల్

ప్రశ్న: డిస్క్ బ్రేకుల కార్బన్ ఫ్రేమ్ కొన్నాను. మిగతా సామాను విడిగా తెచ్చి నేనే బిగించుకుంటాను. తారు రోడ్డు మీదా, కాలవ గట్ల మీదా తొక్కాలి. దేనికి జాగ్రత్తపడాలండీ?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ముందు టైర్ల సంగతి చూడండి. మన గట్ల మట్టి వానకి బంకలా మారి టైరుని పట్టుకుంటుంది. ఫ్రేముకీ టైరుకీ మధ్య సందు లేకపోతే ఆ మట్టే కార్బన్‌ని గీకేస్తుంది. 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరు పట్టే ఫ్రేమైనా సరే, నేనైతే 35 దగ్గరే ఆగుతాను.

మీది అంతర్వేది ఉప్పుగాలి తగిలే ఊరు. సీట్‌పోస్టు, అంటే సీటుని మోసే కడ్డీ, అల్యూమినియందైతే మరీ జాగ్రత్త. నెలల తరబడి కదపకపోతే ఉప్పు తేమకి తుప్పెక్కి కార్బన్ గొట్టంలో బిగుసుకుపోతుంది. గ్రీజు కాదు, కార్బన్ భాగాల కోసమే అమ్మే కార్బన్ పేస్టు రాయండి. అప్పుడప్పుడూ బయటికి తీసి తుడవండి. టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చెప్పే పానా) మాత్రం కొనాల్సిందేనండీ. బోల్టు దగ్గర 5 న్యూటన్ మీటర్లని రాసుంటే అంతకు మించొద్దు. చేతి అంచనాకి బిగిస్తే లోపల పగిలినా పైకి తెలియకపోవచ్చు.

షిమానో కంపెనీ హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) బ్రేకులైతే మినరల్ ఆయిలే పోయాలి. మోటార్ సైకిల్ షాపులో ఇచ్చే డాట్ (DOT) బ్రేకు ద్రవం పోస్తే లోపలి సీళ్లు పాడైపోతాయి. కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద వేగం అందుకుని, పూర్తిగా ఆగకుండా నెమ్మదించడం పదే పదే చెయ్యండి. అప్పుడే బ్రేకు పట్టు వస్తుంది. గొలుసు నూనె రోటర్ (చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్క్) మీద పడనివ్వకండి.

గేర్లకి ఎక్కువ పెట్టక్కర్లేదు. కోనసీమలో ఎక్కాల్సినవి వంతెనలే. ఆ మిగిలిన డబ్బుతో మంచి చక్రాలు కొనుక్కోండి.