మత్తు డాక్టర్లంటే తోటి డాక్టర్లకే చిన్నచూపట, నిజమేనా?

పీజీలో ఎనస్థీషియా సీటొస్తే మా వాణ్ణి చేర్చమంటారా, తోటి డాక్టర్లే చులకనగా చూస్తారట కదా అని అడిగారు. చులకన ఉన్నమాట నిజమే. కానీ జనం అనుకునే కారణానికి కాదు.

"సూది పొడిచి స్టూలు మీద కూర్చుని ఫోను చూసుకుంటాడు" అన్నది థియేటర్లో పాత జోకు. అనేవాళ్లూ నవ్వుతారు, పడేవాళ్లూ నవ్వుతారు. అసలు చులకనంతా లెక్కలో ఉంది. సర్జన్లు మత్తు డాక్టర్ని రెండింటితో తూస్తారు: స్పైనల్ (నడుం కింది భాగం మొద్దుబారేలా వెన్నులోకి వేసే సూది) ఎన్ని నిమిషాల్లో పడింది, కేసులు ఎన్నిసార్లు వాయిదా వేశాడు. ఈ తూకంలో మొండిగా ముందుకెళ్లేవాడు మొనగాడు, ఆగి చూసేవాడు పిరికివాడు. ఈ లెక్క ఎంత తప్పో చూడాలంటే ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు నుంచి వచ్చే ఒక్క తుంటి ఎముక కేసు చాలు.

దర్శి, పొదిలి, కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువన్న సంగతి అందరికీ తెలిసిందే. మన దేశంలో ఫ్లోరైడుతో వచ్చే ఎముకల జబ్బు గురించి 1937లో వైద్య పత్రికలో రాసింది ఈ ఊళ్ల వాళ్లని చూసే. అప్పటికి ఇవన్నీ నెల్లూరు జిల్లా, 1970లో గానీ ప్రకాశంలోకి రాలేదు. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగిన మనిషికి వెన్నుపూసల మధ్య లిగమెంట్లు (పూసల్ని కట్టి ఉంచే పట్టీలు) ఎముకలా గట్టిపడతాయి. మెడ తిరగదు, నడుం వంగదు.

అలాంటి డెబ్భై ఏళ్ల పెద్దాయన దొడ్లో జారిపడి తుంటి విరిగి ఒంగోలు వస్తాడు. టేబుల్ మీద పక్కకి తిప్పి "మోకాళ్లు కడుపులోకి ముడుచుకో పెద్దాయనా" అంటే ఎట్లా ముడుస్తాడు? ఒకటి విరిగిన కాలి నొప్పి, రెండోది నడుం కర్రలా బిగిసి ఉంది. మూడు, నాలుగు నడుం పూసల మధ్య 25 నంబరు సూది గుచ్చితే రెండు సెంటీమీటర్లు దిగగానే ఎముక తగులుతుంది. కాస్త పైకి తిప్పినా ఎముకే, కిందికి తిప్పినా ఎముకే. సూది వంగిపోతుంది. చేతులు కడుక్కుని గౌనేసుకుని నిలబడ్డ ఆర్థో సారు గడియారం చూసి "ఏంది సార్, ఇంకా పడలేదా?" అంటాడు. ఆ ఒక్క మాటకి సిస్టర్ల దగ్గర్నుంచి వార్డు బాయ్ దాకా మత్తు సారుకి చెయ్యి తిరగలేదని ఖాయం చేసుకుంటారు. అరగంట తర్వాత అదే మనిషి తుంటి ఎముకలో డ్రిల్ బిట్ విరిగితే మాత్రం "ఎముక చాలా గట్టి" అంటారు!

తెలిసినవాడు చేసే పని వేరే. ముందు రోజే నడుం పక్క ఎక్స్‌రే చూస్తాడు. పూసలు తెల్లగా సుద్దలా, మధ్య సందులు పూడుకుపోయి ఉంటే నడిమధ్య నుంచి పోవడం దండగ. పక్కకి తిప్పడానికి 20 నిమిషాల ముందు గజ్జ దగ్గర మొద్దుబార్చే మందు బుపివకైన్ 0.25 శాతంది 25–30 మి.లీ. ఎక్కించి నరాల బ్లాకు వేస్తే కాలి నొప్పి సగానికి పైగా తగ్గి మనిషి ఓర్చుకుంటాడు. తర్వాత మధ్య గీత నుంచి సెంటీమీటరు పక్కకి జరిగి సూదిని లోపలికి ఏటవాలుగా పోనిస్తాడు. అదీ కుదరకపోతే అన్నిటికంటే కింది సందు, అంటే ఐదో నడుం పూసకీ దాని కింద ఉండే త్రికం ఎముకకీ మధ్యది. అన్నిట్లోకీ వెడల్పైనది అదే. 25 వంగుతుంటే 23 నంబరు సూది తీసుకోవాలి, నంబరు తగ్గేకొద్దీ సూది లావు. కుర్రాళ్లకైతే లావు సూదితో తలనొప్పి వస్తుందని భయపడాలి గానీ, ఈ వయసులో ఆ భయం తక్కువ. వెన్నులోకి వేసే హెవీ (చిక్కటి) మందు 2 మి.లీ. చాలు. కుర్రాడికి వేసినట్టు 3 వేస్తే బీపీ దబ్బున పడుతుంది, బీపీ పెంచే మెఫెంటెర్మిన్ 6 మి.గ్రా. చొప్పున ఎక్కిస్తూ కూర్చోవాలి.

"అంత తిప్పలెందుకు, జనరల్ (పూర్తి మత్తు) ఇచ్చేయండి" అనే సర్జన్లు ఎప్పుడూ ఉంటారు. మెడ వెనక్కి వంగని మనిషికి గొంతులోకి చూసే మామూలు లారింగోస్కోపుతో స్వరపేటిక కనపడదు. వీడియో స్కోపో, ఫైబర్ ఆప్టిక్ స్కోపో పక్కన లేకుండా మందిచ్చి శ్వాస ఆపేస్తే, శ్వాస గొట్టంలోకి ట్యూబు దిగనప్పుడు చేతిలో ఉండేవి మూడు నాలుగు నిమిషాలే. కాబట్టి స్కోపు లేని నర్సింగ్‌హోంలో ఈ కేసుని వేరే చోటికి పంపమన్నవాడే పనిమంతుడు. సర్జన్ల లెక్కలో మాత్రం వాడి పేరు వాయిదాల డాక్టరు.

తిండి దగ్గరా ఇదే గొడవ. ఆపరేషన్‌కి ముందు నీళ్లకి 2 గంటలు, ఇడ్లీకి 6 గంటలు, చేపల పులుసన్నానికి 8 గంటలు ఆగాలి. మత్తులో గొంతుకి దగ్గు రాదు, కడుపులోది పైకొస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకే జారుతుంది. "ఒక్క ఇడ్లీయే కదా సార్" అని బంధువులు బతిమాలడం అర్థం చేసుకోవచ్చు. ఎంఎస్ చదివిన సర్జన్ వాళ్లకి వంతపాడటమే వింత. వెన్నులో సూదేస్తే జీవితాంతం నడుం నొప్పి ఉంటుందని కాన్పుల వార్డుల్లో ఇప్పటికీ చెప్పే డాక్టర్లున్నారు మరి. వాళ్లనేమనాలి! తలనొప్పి వస్తుందంటే ఒప్పుకోవచ్చు. లేచి కూర్చుంటే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది, చాలావరకు మూడు రోజుల్లోపే మొదలవుతుంది. నడుం నొప్పిని మాత్రం సూది మీదకి తోయకండి.

మీవాణ్ణి చేర్చండి. చేరేముందు ఇంకొక్కటి చెప్పండి. ఆ పెద్దాయన డిశ్చార్జి కాగితంలో ఏ రాడ్డు వేశారో, ఎన్ని స్క్రూలో వివరంగా ఉంటుంది. మత్తు గురించి "స్పైనల్" అని ఒక్క ముక్క. నడిమధ్య పడలేదనీ, కింది సందులో పక్కనుంచి 23 నంబరుతో పడిందనీ ఎక్కడా రాయరు. మీవాడు ఆ రెండు లైన్లు తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. రెండేళ్లకి ఆ పెద్దాయన రెండో తుంటి విరిగి ఏ కావలికో నెల్లూరికో పోతే, అక్కడి మత్తు డాక్టరు మళ్లీ మూడు, నాలుగు పూసల మధ్య నుంచే మొదలుపెట్టకుండా ఉంటాడు.