మీరు టీవీలో చూసింది పోల్కాగ్రీసే

చిన్నప్పుడు నాన్నగారి ఉద్యోగం వల్ల జర్మనీలో ఉన్నామనీ, టీవీలో రెండు జడల ఎర్రజుట్టు పిల్ల బంగారు నాణెం చూపించి కొట్టులో మిఠాయిలన్నీ కొనేసి ఊళ్ళో పిల్లలకి పంచేదనీ, వాటిలో ఎరుపు తెలుపు మెలికల కడ్డీ ఒకటి ఉండేదనీ, దాని పేరేమిటనీ కదా మీరడిగింది. దాని పేరు పోల్కాగ్రీస్. స్వీడన్‌లో వెట్టెర్న్ అనే పెద్ద సరస్సు ఒడ్డున గ్రెన్నా అని చిన్న ఊరుంది, ఆ ఊరి మిఠాయి అది. నేనుండేది ఆ దగ్గర్లోనే, యోన్‌షోపింగ్‌లో.

ఎవరినడిగినా క్రిస్మస్ చెట్టుకి తగిలించే వంపు కర్ర మిఠాయి, క్యాండీ కేన్ అనేస్తారు. అది కాదు. మీరే రాశారు, కడ్డీ తిన్నగా ఉండేదని. ఇక సందేహమే లేదు. ఆ పిల్ల పిప్పీ. స్వీడిష్ రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ కథల్లోని పిల్ల. ఆ సీరియల్ 1969లో స్వీడన్, పశ్చిమ జర్మనీ కలిసి తీసినది, అందుకే జర్మనీలో పెరిగినవాళ్ళందరికీ అది తెలుసు. పుస్తకంలో పిప్పీ కొట్టులోకి వెళ్ళి ఏకంగా 18 కిలోల మిఠాయి అడుగుతుంది. స్వీడన్ రెండో ప్రపంచ యుద్ధంలో దిగకపోయినా ఆ రోజుల్లో అక్కడ చక్కెరకి రేషన్ ఉండేది. యుద్ధం అయిన కొత్తలో ఆ కథ చదివిన పిల్లలకి 18 కిలోలంటే ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోండి.

పేరు తెలిస్తే చాలదు, అది ఎలా తయారవుతుందో కూడా మీరు తెలుసుకోవాలని నా కోరిక. మా అమ్మ కోనసీమ నుంచి వచ్చినప్పుడు గ్రెన్నా తీసుకెళ్ళాను. బ్రాహెగాటన్ అని ఒకటే పొడుగాటి వీధి, అటూ ఇటూ పాతకాలపు చెక్క ఇళ్ళు, ఎటు చూసినా ఎరుపు తెలుపు చారల బోర్డులు. ఒక కొట్టులో అద్దం అవతలే మిఠాయి చేస్తున్నారు. చక్కెర, నీళ్ళు, కాస్త వెనిగర్ వేసి బాగా ముదురు పాకం వచ్చేదాకా కాచి, నూనె రాసిన బల్ల మీద కుమ్మరించారు. లేత తేనె రంగులో, అవతలిది కనపడేంత తేటగా ఉంది. అంచులు ముందు చల్లబడతాయి కాబట్టి వాటిని లోపలికి మడుస్తూ పెప్పర్‌మెంట్ నూనె కలిపారు. కొంచెం ముద్ద విడిగా తీసి ఎరుపు రంగు పట్టించారు. మిగతా పెద్ద ముద్దని ఒక కుర్రాడు గోడకున్న ఇనప కొక్కేనికి తగిలించి లాగడం మొదలుపెట్టాడు. బారెడు సాగేదాకా లాగడం, మళ్ళీ ఎత్తి కొక్కెం మీద వెయ్యడం, మళ్ళీ లాగడం.

మా అమ్మ అద్దానికి దగ్గరగా జరిగి, "ఇదేంటే, మన జీళ్ళ పాకమే ఇది! వీళ్ళకెవరు నేర్పారే?" అంది.

నిజంగానే అదే పని. సంక్రాంతి తీర్థాల్లో గుంజకి బెల్లం పాకం తగిలించి లాగే మనిషిని మా అమ్మ చిన్నప్పటి నుంచీ చూసింది. నల్లటి పాకం లాగేకొద్దీ తెల్లబడుతుంది, దాన్ని నువ్వులద్ది ముక్కలు కోసి అమ్ముతారు. ఇక్కడా అంతే. పోల్కాగ్రీస్‌లో తెలుపు రంగు ఎవరూ కలపరు. లాగిన ప్రతిసారీ గాలి సన్నటి పొరలుగా లోపలికి చేరుతుంది, తేటగా ఉన్న పాకం మన కళ్ళ ముందే పాలరంగుకి తిరుగుతుంది. వెనిగర్ ఎందుకని అమ్మ నాతో అడిగించింది. పాకం పలుకు కట్టకుండా ఉండడానికని చెప్పారు. "మనం నిమ్మచెక్క పిండుతాం కదా, అందుకే" అని అమ్మ వెంటనే తేల్చేసింది.

ఆ తర్వాత తెల్ల ముద్దని గుండ్రంగా చేసి, దాని మీద పొడుగునా ఎర్ర పట్టీలు అతికించి, దొర్లిస్తూ దొర్లిస్తూ ఒక చివర నుంచి సాగదీశారు. తొడంత లావున్నది వేలంత సన్నమైంది. సాగదీస్తూనే మెలి తిప్పుతారు, ఆ మెలికే మీకు గుర్తున్న చార. పాకం గట్టిపడేలోపే ఇదంతా అయిపోవాలి, అందుకే ఒక్కరి చెయ్యి కూడా ఆగదు. ఇంకా వెచ్చగా సాగుతున్న చిన్న ముక్కొకటి అమ్మ చేతిలో పెట్టారు.

ఈ మిఠాయిని మొదట చేసిన మనిషి గురించి ఇంకా చెప్పనేలేదు. పేరు అమాలియా ఎరిక్సన్, 1824లో యోన్‌షోపింగ్‌లో పుట్టింది. చిన్నతనంలోనే అమ్మానాన్నల్ని పోగొట్టుకుని, పనిమనిషిగా గ్రెన్నా చేరింది. అక్కడే ఒక దర్జీని పెళ్ళి చేసుకుంది. కవలలు పుడితే ఒక బిడ్డ దక్కలేదు, ఆ వెంటనే భర్త కూడా పోయాడు. చంకలో ఈడా అనే పసిపిల్ల. ఆడవాళ్ళు వ్యాపారం చేసుకోవాలంటే ఊరి పెద్దల అనుమతి కావాల్సిన కాలమది. 1859 జనవరి 10న ఆమెకి రొట్టెలూ పోల్కాగ్రీసూ చేసి అమ్ముకోవడానికి అనుమతి దొరికింది. ఆమె 1923 దాకా బతికింది, అన్నాళ్ళూ ఆ పాకం లెక్క బయటికి పొక్కనివ్వలేదు. ఆమె తర్వాత కూతురే కొనసాగించింది. గ్రెన్నాలో ఆమెకి విగ్రహం ఉంది, తప్పకుండా చూడాలి. ఒంటరి తల్లి పొట్టకూటి కోసం చేసిన మిఠాయి మీద ఒక ఊరు ఊరంతా ఇవాళ్టికీ బతుకుతోంది.

అందుకే ఇప్పుడు దాన్ని పాడుచేస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. స్ట్రాబెర్రీ అట, కోలా అట, ఉప్పు లికొరైస్ (అతిమధురం) అట, నీలం పసుపు చారలట. చారలుంటే సరిపోతుందా? పోల్కాగ్రీస్ అంటే పెప్పర్‌మెంటే, ఎరుపూ తెలుపే. సూపర్‌మార్కెట్‌లో మెషీన్ మీద పోసినవి గాజుపెంకుల్లా నోరు కోస్తాయి. చేత్తో లాగినదైతే పళ్ళ మధ్య కరకరమని పొరలుగా విరుగుతుంది.

ఇంకోటి. స్వీడన్‌లో పిల్లలకి శనివారం ఒక్కరోజే మిఠాయి పెడతారు, ఎంత క్రమశిక్షణో అని మనవాళ్ళు మెచ్చుకుంటారు. దాని వెనక ఏముందో ఎవరూ చెప్పరు. 1940ల్లో లుండ్ ఊరి వీపెహోల్మ్ ఆసుపత్రిలో బుద్ధిమాంద్యం ఉన్న రోగులకి పళ్ళకి అతుక్కునే టాఫీలు పనిగట్టుకుని తినిపించి, వాళ్ళ పళ్ళు పుచ్చిపోతుంటే చూస్తూ లెక్కలు రాసుకున్నారు. వాళ్ళనెవరూ అడగలేదు. మాటిమాటికీ తినడం కన్నా వారానికోసారి తినడం మేలని పిల్లలకి సలహా ఇచ్చింది ఆ లెక్కలు చూసుకునే. నేను శనివారం నియమం పాటించను. పండక్కి పెడతాను, అంతే.

మీరు ఎప్పుడైనా ఇటొస్తే స్టాక్‌హోమ్ ఎయిర్‌పోర్ట్‌లో కొనకండి. గ్రెన్నా దాకా రండి, లాగుతున్నప్పుడు చూసి, ఆ కొట్టులోనే కొనండి. ఇంటికి తీసుకెళ్ళాక మాత్రం బయట పెట్టొద్దు. మన కోస్తా గాలికి చెమ్మ పట్టి కాగితానికి అంటుకుపోతాయి. మా అమ్మ స్టీలు డబ్బాలో అడుగున గుప్పెడు బియ్యం పోసి, పైన కడ్డీలు పేర్చి, మూత బిగించి పెట్టుకుంది. వానాకాలం దాటినా విరిస్తే టప్పుమన్నాయట.